ముఖం కనబడే కెమెరా



కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు గృహప్రవేశానికి వారం ముందు ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్ళి "సీసీ కెమెరాలు పెట్టించాలండీ" అంటారు. కౌంటరు వెనకున్న కుర్రాడు ఆలోచించకుండానే చెప్పేస్తాడు: "నాలుగు కెమెరాలు, డీవీఆర్, ఒక టీబీ హార్డ్‌డిస్క్, తొంభై మీటర్ల వైరు కట్ట, ఫిట్టింగుతో కలిపి ప్యాకేజీ సార్." నాలుగే ఎందుకయ్యా అంటే, రికార్డు చేసే డబ్బాకి, అంటే ఆ డీవీఆర్‌కి నాలుగు ఛానెళ్ళు ఉంటాయి మరి! ఇంటికి ఎన్ని కెమెరాలు కావాలో ఆ డబ్బా నిర్ణయిస్తోందన్నమాట. మర్నాడు మనిషి వచ్చి నాలుగు మూలల్లో నాలుగు బిగించి, మన ఫోన్‌లో యాప్ వేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో వీధంతా చూపిస్తాడు. బ్రహ్మాండంగా కనబడుతుంది. డబ్బిచ్చి పంపేస్తాం.

కొన్నాళ్ళకు ఒక రాత్రి గేటు ముందున్న బండి పోతుంది. ఫుటేజీ పట్టుకుని స్టేషన్‌కి వెళతాం. క్రైమ్ కానిస్టేబుల్ చూస్తూ "ఆపండి... కాస్త వెనక్కి... ఇక్కడ జూమ్ చేయండి" అంటాడు. జూమ్ చేస్తే ముఖం ఉండాల్సిన చోట పదో పన్నెండో బూడిదరంగు గళ్ళు. చొక్కా చారలదో, సాదాదో కూడా తేలదు. ఎవడో వచ్చాడు, బండి తీసుకుపోయాడు. ఆ సంగతి అక్కడ బండి లేకపోవడమే చెబుతోంది కదా!

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కెమెరా దొంగను ఆపదు. అది సాక్ష్యం చెబుతుంది, అంతే. అందుకని దుకాణంలో అడుగుపెట్టక ముందే మనం తేల్చుకోవాల్సింది, ఏ చోట, ఏ వేళప్పుడు, ఎంత దూరంలో ఉన్న మనిషి ముఖం నాకు గుర్తుపట్టేలా కావాలి అన్నది. ఎన్ని కెమెరాలు, ఏ కంపెనీ, ఎన్ని మెగాపిక్సెల్స్ అన్న లెక్కలన్నీ ఆ తర్వాతే.

ఇంటికి కెమెరా అనే ఊహ పుట్టింది కూడా ఇలాంటి ప్రశ్నలోంచే. న్యూయార్క్ నగరంలో క్వీన్స్ అనే పేటలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేది. ఆమెవీ, ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన ఆమె భర్తవీ వేళాపాళా లేని ఉద్యోగాలు. పేటలో దొంగతనాలు ఎక్కువ. పిలిస్తే పోలీసులు ఎప్పటికి వస్తారో నమ్మకం లేదు. అర్ధరాత్రి ఎవరైనా తలుపు తడితే, లేచి తలుపు దాకా వెళ్ళకుండా ఆ వచ్చింది ఎవరో తెలియాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. అందుకు ఆమె ఊహించిన ఏర్పాటు ఇది: తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో నాలుగు కన్నాలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే ఒక కెమెరా, పడకగదిలో ఒక తెర, మాట్లాడటానికి మైకు, నమ్మకమైన మనిషైతే గడియ తీయడానికి ఒక మీట, కాకపోతే పోలీసులకు కబురుపెట్టడానికి మరో మీట. 1966లో దంపతులిద్దరూ పేటెంటుకి దరఖాస్తు చేశారు, 1969లో వచ్చింది. పొడుగువాడికో కన్నం, పొట్టివాడికో కన్నం! మనిషి ముఖం ఏ ఎత్తులో ఉంటుందో ఆమె అప్పుడే ఆలోచించింది. మనమేమో ఇవాళ రెండో అంతస్తు పిట్టగోడ కింద కెమెరా బిగించి, వచ్చిపోయేవాళ్ళ నడినెత్తులు రికార్డు చేస్తున్నాం. తలకి టోపీయో హెల్మెట్టో ఉంటే అదీ లేదు.

ఇప్పుడు కాస్త లెక్క చెబుతాను. కాగితం కలం అక్కర్లేదు, చిన్నదే. కెమెరా తీసే బొమ్మ చుక్కల కూర్పు. ఆ చుక్కే పిక్సెల్. రెండు మెగాపిక్సెల్ కెమెరా బొమ్మలో అడ్డంగా 1,920 చుక్కలుంటాయి. ముక్కూ మొహం తెలియని మనిషిని వీడియో చూసి పోల్చుకోవాలంటే, అతను నిలబడ్డ చోట ఒక మీటరు వెడల్పుకి కనీసం 250 చుక్కలు పడాలని ఐఈసీ 62676 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014 కూర్పు చెప్పింది. మనకు ముందే తెలిసిన మనిషైతే 125 చాలు. ఎవరో ఒక మనిషి ఉన్నాడని తెలిస్తే సరిపోతుందనుకుంటే 25 చాలు. 1,920ని 250తో భాగించండి. ఏడున్నర మీటర్ల పైచిలుకు. అంటే మీ రెండు మెగాపిక్సెల్ కెమెరా ఏడున్నర మీటర్ల వెడల్పుని మించి చూపిస్తోందంటే, అంత దూరంలో నిలబడ్డ దొంగ ముఖం కోర్టులో పనికొచ్చేలా ఉండదు.

దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడుపోయేది 2.8 మిల్లీమీటర్ల లెన్సు. దాని చూపు చాలా విశాలం. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూపిస్తుంది కాబట్టి కొనేవాళ్ళకు ముచ్చటేస్తుంది. కానీ అది ముఖం పోల్చుకునేలా చూపించేది సుమారు 10 అడుగుల దూరం లోపలే. 3.6 లెన్సయితే 15 అడుగుల దాకా, 6 మిల్లీమీటర్లదైతే దాదాపు 25 అడుగుల దాకా. ఎంత ఎక్కువ వెడల్పు చూపిస్తే అంత తక్కువ ముఖం. నాలుగు మెగాపిక్సెల్ కెమెరాకు ఎక్కువ డబ్బు పెట్టి, దానికీ అదే వెడల్పు లెన్సు తగిలిస్తే, ఏడున్నర మీటర్లు కాస్తా పది మీటర్లవుతుంది, అంతకు మించి ఒరిగేది లేదు. అందుకే నా సలహా: వీధంతా చూడటానికి ఒక వెడల్పు లెన్సు, గేటులోంచి లోపలికి వచ్చే మనిషి ముఖానికి విడిగా ఒక ఇరుకు లెన్సు. ఆ రెండోది నేలకి ఏడెనిమిది అడుగుల ఎత్తులో, మనిషి ఎదురుగా నడిచి వచ్చేలా ఉండాలి. చేతికందుతుందని భయమైతే ఆ కెమెరాని చూసే మరో కెమెరా పెట్టండి. రెండు కెమెరాలు సరైన చోట ఉంటే, ఎనిమిది కెమెరాలు తలా దిక్కు చూడటం కన్నా ఎంతో నయం. ప్యాకేజీ అమ్మేవాడికి ఈ మాట రుచించదు, అది వేరే సంగతి.

ఇదంతా పగటి మాట. దొంగతనాలు ఎక్కువగా రాత్రి పూట కదా. రాత్రి కెమెరా కంటికి దాదాపు కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో చూస్తుంది. లెన్సు చుట్టూ దానిమ్మ గింజల్లా మసకగా ఎర్రగా మెరిసే దీపాలు అవే. కెమెరా చుట్టూ పురుగులు తిరుగుతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, సరిగ్గా లెన్సు ముందే గూడు కడుతుంది. పగలు చూస్తే సన్నటి పోగు, ఉందో లేదో తెలియదు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీద పడి వెనక్కి కొట్టిందంటే తెర మొత్తం తెల్లటి మంచు కమ్మినట్టే. ఆ వెనక ఏనుగు నడిచినా కనబడదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేత వారానికోసారి బూజుకర్రతో దులిపించడం కన్నా గొప్ప మరమ్మతు సీసీ కెమెరాకి లేదు. గుండ్రటి డోమ్ కెమెరా గాజు మీద దుమ్ము పట్టినా ఇదే గతి. వానాకాలంలో చినుకులు కూడా అలాగే మెరుస్తాయి, అందుకే కెమెరాను సన్‌షేడ్ కిందకు బిగించమంటారు. గోడకు మరీ ఆనించి పెడితే, తెల్లసున్నం గోడే ఆ వెలుగును తిప్పికొట్టి ఎదుట ఉన్నదాన్ని నల్లగా చేస్తుంది.

ఇక బండి నంబరు. నంబరు ప్లేటు వెలుగును తిప్పికొట్టేలా తయారవుతుంది, పక్కనే హెడ్‌లైటు మండుతుంటుంది. మామూలు కెమెరాలో రాత్రిపూట అది తెల్లటి పలకలా మాత్రమే కనిపిస్తుంది. నంబర్లు చదివే కెమెరాలు వేరే ఉన్నాయి, వాటి ఖరీదూ వేరే. ఇంటికి అక్కర్లేదంటాను. దాని బదులు గేటు దగ్గర రాత్రంతా వెలిగే ఒక మామూలు ఎల్‌ఈడీ దీపం పెట్టండి. వెలుతురుంటే చవక కెమెరా కూడా రంగుల్లో చూస్తుంది, చొక్కా రంగు తెలుస్తుంది. వెలుతురంటే దొంగకీ ఇబ్బందే.

ఇప్పుడు హార్డ్‌డిస్క్. దీని గురించి అడిగేవాళ్ళు తక్కువ. ఒక్కో కెమెరా సెకనుకు రెండు మెగాబిట్లు రాస్తుందనుకుంటే రోజుకు 21 గిగాబైట్లు దాటుతుంది. నాలుగు కెమెరాలకు 86. ఒక టీబీ డిస్క్ పదకొండు రోజుల్లో నిండిపోతుంది. నిండిన డిస్క్ ఆగదు, పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటూ పోతుంది. మీరు పదిహేను రోజులు కాశీ, గయ, ప్రయాగ తిరిగి వచ్చి తాళం పగిలి ఉండటం చూశారనుకోండి. దొంగ మీరు రైలెక్కిన మర్నాడే వచ్చి ఉంటే, వాడి బొమ్మను మీ డీవీఆరే తుడిచేసి ఉంటుంది. కొనేటప్పుడు "ఎన్ని టీబీ?" అని కాదు, "నా కెమెరాలకు ఎన్ని రోజులు వస్తుంది?" అని అడగండి. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో రాసే డీవీఆర్ అయితే చోటు దాదాపు సగం మిగులుతుంది. డిస్క్ కూడా ఇరవై నాలుగు గంటలూ రాయడానికి చేసినదై ఉండాలి. పాత కంప్యూటర్లోంచి ఊడదీసినది పెడితే అది ఎప్పుడు చస్తుందో చెప్పలేం. చచ్చినా తెరమీద ప్రత్యక్ష దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది, రికార్డింగ్ మాత్రం ఉండదు. ఆ సంగతి బయటపడేది మనకు ఫుటేజీ కావలసిన రోజునే.

దుకాణాలూ ఆసుపత్రులూ కాలేజీలూ గుళ్ళూ నడిపేవాళ్ళకు ఎన్ని రోజుల ఫుటేజీ దాచాలన్నది సొంత ఇష్టం కూడా కాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగాయి. అదే ఏడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. జనం గుమిగూడే చోట్ల యజమానులే కెమెరాలు పెట్టుకోవాలి, 30 రోజుల ఫుటేజీ దాచి ఉంచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. ఆ తర్వాత హైదరాబాద్ పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీవాసుల చేత, వ్యాపారుల చేత వీధి కెమెరాలు పెట్టించారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. అన్నట్టు, పోలీస్ స్టేషన్ల లోపలి కెమెరాలకు సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పెట్టిన గడువు ఇంకా పెద్దది. పద్దెనిమిది నెలల రికార్డింగు ఉండాలి, వీలుకాకపోతే కనీసం ఏడాది. జనం మీద చూపు పెట్టేవాళ్ళ మీదా చూపు ఉండాలి కదా.

ఫుటేజీ ఉంది, ముఖమూ కనబడింది. అయినా కేసు జారిపోయే దారి ఇంకొకటుంది. డీవీఆర్ గడియారం. లోపలుండే బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏ 2000 జనవరి 1కో వెళ్ళిపోతుంది. లేదా నెలకు కొన్ని నిమిషాల చొప్పున వెనకబడుతుంది. అలాంటి గడియారంతో తీసిన వీడియోలో దొంగ వచ్చినట్టు కనిపించే వేళకి నిందితుడు వేరే ఊళ్ళో ఉన్నాడని అతని వకీలు ఇట్టే చూపించగలడు. డీవీఆర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి, సమయం తనంతట తాను సరిచేసుకునే సెట్టింగు పెట్టించండి. ఇంటర్నెట్ లేకపోతే నెలకోసారి మీరే సరిచేయండి.

ఏదైనా జరిగినప్పుడు డీవీఆర్ తెరను ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంచి, అసలు రికార్డింగు చెరిగిపోయేదాకా ఊరుకోవడం మామూలైపోయింది. ఆ వాట్సాప్ ముక్కకు కోర్టులో విలువ అంతంత మాత్రం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ఉంది. పాత చట్టంలో ఇది 65బీ. కాపీ చేసిన ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే, ఆ యంత్రం ఎవరి అధీనంలో ఉందో వాళ్ళూ ఒక నిపుణుడూ ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ కాపీలో ఎవరూ వేలు పెట్టలేదని చూపించే హ్యాష్ సంఖ్య కూడా అందులో రాయాలి. ఈ ధ్రువపత్రం తప్పనిసరి అని పాత చట్టం కింద 2020లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అసలు డిస్క్‌నే కోర్టులో పెడితే ఆ గొడవ లేదు. మీరు చేయాల్సిందల్లా, సంఘటన తెలియగానే డీవీఆర్ రికార్డింగు ఆపించి, పోలీసుల ఎదుట పెన్‌డ్రైవ్‌లోకి అసలు ఫైలే దించి, ధ్రువపత్రంతో పాటు ఇవ్వడం. గడియారం తేడా ఉంటే ఎన్ని నిమిషాలో అప్పుడే రాయించండి.

డీవీఆర్‌ను హాల్లో టీవీ కింద పెట్టుకుంటారు చాలామంది. తెలివైన దొంగ పోతూ పోతూ దాన్నీ చంకన పెట్టుకుపోతాడు. అటక మీదో, తాళం వేసిన అలమరలోనో, గాలి ఆడేలా పెట్టండి. కరెంటు తీగ కోస్తే అన్నీ ఆరిపోకుండా డీవీఆర్‌నీ కెమెరాల సప్లైనీ ఇన్వర్టర్‌కు కలిపించండి. వైరు రాగిదా, రాగి పూత పూసిన అల్యూమినియమా అని అడగండి. దూరం పెరిగేకొద్దీ అల్యూమినియంలో వోల్టేజీ పడిపోతుంది, అది ముందు బయటపడేది రాత్రి దీపాలు వెలిగినప్పుడే.

పాస్‌వర్డ్ సంగతి మాత్రం తేలిగ్గా వదిలేయలేను. 2016 అక్టోబరు 21న అమెరికా తూర్పు తీరంలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి సైబర్ దాడి వల్ల కొన్ని గంటలపాటు అందకుండా పోయాయి. దాడి చేసినవి పెద్ద కంప్యూటర్లు కావు. ఇళ్ళల్లో దుకాణాల్లో ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు! మిరాయ్ అనే ప్రోగ్రామ్ ఒకటి, ఫ్యాక్టరీలో పెట్టిన అరవై చిల్లర పాస్‌వర్డులు ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తూ వాటిలో దూరింది. అడ్మిన్, వన్ టూ త్రీ ఫోర్ లాంటివే. యజమానులకు తమ కెమెరా ఎవరి మాట వింటోందో కూడా తెలియదు. మన దగ్గరా బిగించడానికి వచ్చిన మనిషి పెట్టిన పాస్‌వర్డే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ పాస్‌వర్డు అతను బిగించిన ఇళ్ళన్నిటికీ ఒకటే అయినా ఆశ్చర్యం లేదు. అతను గేటు దాటకముందే అడ్మిన్ పాస్‌వర్డు మీరే మార్చి, డైరీలో రాసుకోండి. మన ప్రభుత్వం కూడా ఈ ప్రమాదాన్ని గుర్తించి, 2025 ఏప్రిల్ 9 నుంచి దేశంలో అమ్మే సీసీ కెమెరాలు భద్రతా పరీక్షలు పాసై ఉండాలని నిబంధన పెట్టింది. ఆ పరీక్షలు చేసేవి ఎస్‌టీక్యూసీ అనే ప్రభుత్వ సంస్థా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబులూ. దుకాణంలో ఆ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని అడగండి. పెట్టె మీద బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో ఉండే నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది నిజమైనదో కాదో తెలిసిపోతుంది.

ఇంట్లో కెమెరా ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. పడకగది, స్నానాల గది, బట్టలు మార్చుకునే చోటు, పనిమనిషి పడుకునే గది. ఇంటర్నెట్‌కు కలిసిన ఏ కెమెరా అయినా బయటివాళ్ళ చేతికి చిక్కదని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2021 మార్చిలో అమెరికాకు చెందిన వెర్కాడా కంపెనీ కెమెరాలు దాదాపు లక్షన్నర బయటివాళ్ళకు కనిపించిపోయాయి, వాటిలో ఆసుపత్రులవీ ఉన్నాయి. ఎవరూ చూడరనుకుని వ్యక్తిగత పనుల్లో ఉన్న ఆడవాళ్ళను చాటుగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. పక్కింటివారి కిటికీ మీ కెమెరాలో పడుతుంటే, ఆ భాగాన్ని నల్లగా కప్పే ప్రైవసీ మాస్క్ సదుపాయం దాదాపు ప్రతి డీవీఆర్‌లో ఉంటుంది. "పిన్నిగారూ, మీ వంటింటి వైపు కప్పేశాం, వచ్చి చూసుకోండి" అని పిలిచి చూపిస్తే తగువే ఉండదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అది మన గోడ అవతలివారికీ వర్తిస్తుంది.

దొంగ రాగానే కూత పెట్టే అలారం సెన్సర్ల గురించి రెండు ముక్కలు. గదిలో కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సరు పట్టుకునేది మనిషి ఒంటి వేడికీ, చుట్టూ ఉన్న వేడికీ మధ్య తేడాని. మే నెలలో మూసి ఉన్న గదిలో వేడి ఒంటి వేడి దాకా ఎక్కితే ఆ తేడా దాదాపు ఉండదు. అప్పుడు సెన్సరు మొద్దుబారుతుంది. పైగా మన ఇళ్ళల్లో బల్లి ఎక్కి కూర్చున్నా మోగుతుంది. అందుకని తలుపుకీ చట్రానికీ బిగించే చిన్న అయస్కాంతం సెన్సరు మేలు. తలుపు తెరిస్తే చాలు మోగుతుంది, ఎండాకాలమైనా వానాకాలమైనా ఒకటే. ధర కూడా తక్కువే. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. తాళం వేసి ఊరెళ్ళేవాళ్ళు యాప్‌లో కోరితే పోలీసులే కెమెరా తెచ్చి పెట్టి, కదలిక ఉంటే తమకు తెలిసేలా చేసుకుంటారు, రుసుము లేకుండా. మీ స్టేషన్ పరిధిలో అది నడుస్తోందో లేదో ప్రయాణానికి ముందు కనుక్కోండి.

కెమెరాలకు పెట్టే డబ్బులో కొంత మిగిల్చి ముందు మంచి తాళం, గట్టి గడియ, వెనక తలుపుకో ఇనుప గ్రిల్లు వేయించండి. బీరువాలో ఉంచాల్సిన అవసరం లేని బంగారం బ్యాంకు లాకరుకి పంపండి. ఇప్పటికే కెమెరాలున్నవాళ్ళు ఈ రాత్రి పదకొండు గంటలకు మీ అబ్బాయినో అమ్మాయినో తలకో తుండు చుట్టుకుని గేటు తీసుకుని లోపలికి నడిచి రమ్మనండి. పొద్దున్నే ఆ రికార్డింగు తీసి, మీ పిల్లల్ని ఎన్నడూ చూడని ఎవరికైనా చూపించండి. పిల్లలను ఎదురుగా నిలబెడితే అతను వీడియోలో ఉన్నది వీళ్ళేనని చెప్పగలిగాడా, మీ కెమెరా పనికొస్తుంది. చెప్పలేకపోతే కొత్త కెమెరా కొనకండి. ముందు ఉన్నదాన్ని కిందికి దించండి, లెన్సు తుడవండి, గేటు దగ్గర దీపం వేయండి, మర్నాడు రాత్రి మళ్ళీ నడిపించి చూడండి.